అత్తాకోడళ్ల కామెడీ

వరంగల్ బజారులో సావిత్రిది గాజుల దుకాణం. బేరాలు లేని మధ్యాహ్నాల్లో ఆమె ఫోన్‌లో ఒక బ్రిటిష్ కామెడీ సీరియల్ చూసేది. ఇంగ్లండ్‌లో ఏదో చిన్న ఊరు, ఒకే కుటుంబం, పొద్దస్తమానం కీచులాటలు. కడుపుబ్బ నవ్విస్తూనే ఉన్నట్టుండి కళ్లలో నీళ్లు తెప్పించేది.

భర్త ఓంప్రకాశ్ గుండెపోటుతో పోయాక ఇంట్లో మిగిలింది తనూ, అత్త చిలుకమ్మా. కూరలో ఉప్పెక్కువైతే తప్ప ఇద్దరికీ మాటల్లేవు.

ఒక ఆదివారం ఇంట్లో ఆ సీరియల్ చూస్తూ సావిత్రి పకపకా నవ్వింది.

"ఏందే, గట్ల నవ్వుతానవ్?" అంది చిలుకమ్మ మొహం చిట్లించి.

సావిత్రి ఫోన్ అత్త ముందు పెట్టి, ఇంగ్లిష్ మాటలను మన మాటల్లో చెప్పసాగింది. దొరసాని అత్త కోడలి వంటను ఈసడించగానే చిలుకమ్మ నవ్వాపుకోలేకపోయింది.

"ఇది మన ఇల్లే గాదే!"

"అయితే గిసొంటి వీడియో మనమే తీద్దాం అత్తమ్మా. నువ్వు అత్త, నేను కోడలు."

"నాకేం ఆక్టింగ్ వస్తదే?"

"ఉప్పెక్కువైనప్పుడల్ల నన్ను తిడ్తవ్ గద, గదే!"

సావిత్రి కథ రాసింది. పక్క వీధిలో ఉండే మరిది రమాకాంత్ ఫోన్‌తో తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. వెంటనే పరకాల నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసింది. "అన్న పోయి ఏడాదన్న కాలే, ఈ కోతివేషాలేంది వదినా? తీసెయ్యి."

చిలుకమ్మ ఫోన్ లాక్కుంది. "నవ్వు బంద్ చేస్తే నా కొడుకొస్తడానే? పెట్టెయ్ ఫోన్!"

తర్వాతి కథలో భోజనాల సీను. చిలుకమ్మ అలవాటుగా మూడో కంచం పెట్టి, "ఓమీ, రా బిడ్డా" అని పిలిచేసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. రమాకాంత్ కెమెరా ఆపబోయాడు. సావిత్రి మాత్రం ఆ కంచం తనవైపు లాక్కుని, "ఆయన వాటా గూడ నేనే తింట. నువ్వు కూసో అత్తమ్మా" అంది.

"నీ ఆకలి పాడుగాను!" చిలుకమ్మ ఏడుస్తూనే నవ్వింది.

ఆ కథను హనుమకొండలో చిన్న సినిమాల పోటీకి పంపారు. ఆ సీను రాగానే హాల్లో చాలామంది కళ్లొత్తుకున్నారు. మరుక్షణం నవ్వులు, ఆపైన చప్పట్లు. జనం లేచి నిలబడ్డారు. మొదటి బహుమతికి పేర్లు పిలిస్తే చిలుకమ్మ కోడలి చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కింది. మైకు అందుకుని, "రాసింది నా బిడ్డ" అంది. 'కోడలు' అని అనలేదు.

బయటికి రాగానే కాలేజీ అమ్మాయిలు సెల్ఫీలకు ముసురుకున్నారు.

"జర ఆగుండ్రి, కొంగు సవరించుకోనియ్యిండ్రి" అంటూ చిలుకమ్మ దర్జాగా నిలబడింది. సావిత్రి ఆమె భుజం మీద చెయ్యేసి ఫోన్‌ వైపు చూసి నవ్వింది.