కాచని ద్రాక్షరసం

వెర్నా లిండ్‌క్విస్ట్‌కు డెబ్బై దాటాయి. వయసులో ఉన్నప్పుడు అమెరికాలో ఈ ఈరీ సరస్సు ఒడ్డు తోటల్లో, మంచు ఇంకా పూర్తిగా కరగని రోజుల్లో, ద్రాక్షతీగలను కమ్మీలకు కట్టే పని చేసేది. ఇప్పుడు మా పక్కనే ఉన్న ఆమె ఇంటి వెనక ఒక్క సాలు కాంకర్డ్ రకం ద్రాక్ష మిగిలింది.

ఆ పండును నోటి దగ్గర పెట్టి వేళ్లతో నొక్కితే ఊదారంగు తొక్క చేతిలో ఉండిపోతుంది, గుజ్జు గింజలతో సహా జారి గొంతులోకి పోతుంది. అందుకే మా పాపకు ఒక్కో పండూ ఒలిచి, గింజలు తీసి, చిదిమి పెడతాను. "ఆ పిల్లకు పళ్లొచ్చేలోపు నీ గోళ్లన్నీ ఊదాగా మారిపోతాయి" అని వెర్నా నన్ను ఏడిపిస్తుంది. గుజ్జు తియ్యన, తొక్క వగరు. జామ్‌కైనా, తీపి రొట్టెల్లో కూరడానికైనా, రసానికైనా ఆ తొక్క వాసనే ముఖ్యం.

చర్చిలో అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు బల్లకు రసం తెచ్చేది వెర్నాయే. మా చర్చిలో పులియని రసమే ఇస్తారు. తాగుడు మానుకున్నవాళ్లు కూడా అందరితో పాటు తీసుకోవాలని. ఆమె పళ్లను చిదిమి, రంగు దిగేదాకా కాచి, బట్టలో వడగట్టి, వేడిగానే సీసాల్లో పోసి మూత బిగించేది. కిందటేడు ఆరాధన అయ్యాక కాఫీ తాగుతూ ఎవరో, "అచ్చం కొట్లో కొన్నట్టే ఉందే" అన్నారు. ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. కాచడం వల్లే వాసన పోతోందనుకుని, ఈసారి పచ్చిరసం పిండి నేలమాళిగలో పెట్టింది.

అక్టోబరులో ప్రభు బల్ల జరిగిన మర్నాడు ఆ సీసా పట్టుకుని మా వంటింట్లోకి వచ్చింది. నేను బడిలో రసాయనశాస్త్రం చెబుతాను.

"అమ్మాయ్, ఇది కాస్త చూడు."

మూత తీయగానే బుస్సుమంది.

"పులిసింది పెద్దమ్మా. తొక్క మీద తెల్లటి పొడి ఉంటుందే, అక్కడ ఈస్ట్ ఉంటుంది. కాచకపోతే అది పని మొదలెడుతుంది."

"నిన్న అందరికీ ఇదే పోశాను. ఆర్లో ఇవాళ పనికి రాలేదట."

ఆర్లో ద్రాక్ష కోసే యంత్రం నడుపుతాడు. చాలా ఏళ్లుగా మందు ముట్టలేదు.

"ఇచ్చింది బొటనవేలంత కప్పు. అందులో మత్తు ఎంతని? లెక్కలోకి రాదు" అన్నాను.

"ఎంతని నేనడగట్లేదు. వాడి నాలుకకు తెలిసిందా అంటున్నా." సీసాకు మూత బిగించింది. "నా నాలుకకు తెలిసింది. కప్పుల్లో పోసేముందు రుచి చూశా. చురుక్కుమంది. అప్పటికే పాట మొదలెట్టేశారు. నిజం చెప్పనా, వాసన మాత్రం ఎంత బాగుందో అనుకున్నా."

పాపను వెనక సీట్లో కూర్చోబెట్టి, వెర్నాను ఆర్లో ఇంటికి తీసుకెళ్లాను. అతను వసారా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఏం వెర్నక్కా, మిగిలిన సీసా నాకే తెచ్చావా?"

"పులిసిందని తెలిసే పోశాను ఆర్లో."

అతని మొహంలో నవ్వు పోయింది.

"నాలుక మీద పడగానే నాకూ తెలిసింది. రుమాల్లో ఉమ్మేయొచ్చు. ఉమ్మలేదు. చర్చిలో ఇచ్చింది కదా, లెక్కలోకి రాదులే అనుకున్నా. ఇంటికొచ్చాక ఇంకొక్కటీ లెక్కలోకి రాదనిపించింది. ట్రక్కు తాళం పక్కింటాయన చేతిలో పెట్టి ఇక్కడే కూర్చున్నా. తాగలేదు. కానీ తోటకెళ్లే దారిలోనే మందుకొట్టు ఉంది."

నేనన్న మాటే అతని నోట విన్నాక నాకు తలెత్తబుద్ధి కాలేదు.

"ఏం చేయమంటావో చెప్పు" అంది వెర్నా.

"క్షమించమని మాత్రం ఇవాళ అడక్కు. నేనొక్కణ్ణే అనుకున్నావా? మానుకున్నవాళ్లం చర్చి కింద గదిలో కలుస్తుంటాం. మాలో ఇంకొందరు నిన్న ఆ కప్పు తీసుకున్నారు. పేర్లు నేను చెప్పను. వాళ్లకు నువ్వే చెప్పుకోవాలి."

తర్వాతి ఆదివారం ఆరాధనలో వెర్నా వెనక వరసలో లేచి నిలబడింది. ఆర్లో పేరెత్తలేదు. "పోయినవారం మీకిచ్చిన రసం పులిసింది. రుచి చూసి, తెలిసి కూడా ఇచ్చాను. అది ఎవరికి కష్టమైందో వాళ్ల ముందు తల వంచుతున్నాను" అంది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. పాటలు పాడే వరసలో హిల్డా మాత్రం రెండు చేతులతో మొహం కప్పుకుంది. హిల్డా, వెర్నా పక్కపక్క సాళ్లలో తీగలు కట్టినవాళ్లు. ఒకరింటి తలుపు ఒకరు తట్టకుండానే తీసేవాళ్లు. అయినా హిల్డా కూడా తాగుడు మానుకున్న మనిషేనన్న సంగతి వెర్నాకు అప్పటిదాకా తెలియదు.

ఆరాధన అయ్యాక వెర్నా వెళ్లి హిల్డా కూర్చున్న బల్ల పక్కన నిలబడింది. హిల్డా తలెత్తలేదు, పక్కకు జరిగి చోటూ ఇవ్వలేదు.

"ఇవాళ నీతో మాట్లాడలేను వెర్నా. రేపు రా."

వెర్నా తలూపింది. కానీ అక్కణ్ణుంచి కదల్లేకపోయింది.