షకీలా టీచర్ చెప్పిన కమాను

తెల్ల దుప్పటి మీద ఇస్త్రీపెట్టె ఆనగానే గంజి వాసనతో ఆవిరి లేచింది. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు షకీలా టీచర్ గుర్తొస్తారు. ఆవిడను నేను భుజాల నుంచి పైకే చూశాను. పొడుగో పొట్టో తెలియదు. రేపు ఏ సూపర్ మార్కెట్టులోనో ఎదురుపడితే గొంతు విని గుర్తుపడతానేమో గానీ, నడక చూసి మాత్రం పట్టుకోలేను. ఎందుకంటే ఆవిడ మా ఇంటికి వచ్చింది ట్యాబులోనే.

కరోనా వచ్చిన ఏడాది అది. షార్జాలోని అల్ నహ్దాలో, సునీతమ్మ గారింట్లో పనికి ఉన్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. మాది కోనసీమ, ఆవిడదీ అటే. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. జబ్బు ఇంటికి మోసుకురాకూడదని ఆసుపత్రివాళ్లిచ్చిన గదిలోనే ఉండిపోయారు. ఆవిడ భర్త ఫుజైరాలో ఓడలకు నూనె పట్టే పనిమీద వెళ్లి అక్కడే చిక్కుబడిపోయారు. ఇంట్లో మిగిలింది నేనూ, మూడో తరగతి చదివే వాళ్లబ్బాయి జోయెలూ. నేనూ మూడో తరగతిలోనే బడి మానేసినదాన్ని గనక ఇద్దరిదీ ఒకే చదువు.

తల్లి పెట్టె పట్టుకుని లిఫ్టు ఎక్కిన రోజు నుంచి వాడు మాట మానేశాడు. ఆకలేస్తే కంచం చూపించేవాడు. ఫోనులో అమ్మ కనబడితే మొహం గోడకు తిప్పేవాడు. "సత్యా, వాడికి నా మీద కోపమా?" అని ఆవిడ అడిగితే, "కాదండి, జలుబు చేసి గొంతు పట్టేసింది" అనేదాన్ని. ముఖానికి తొడుక్కున్న మాస్కు గుర్తులు ఆవిడ బుగ్గల మీద ఎర్రగా కనబడేవి. ఇంకేం చెప్పను? వాడు ఇక ఎప్పటికీ మాట్లాడడేమోనని నాకే భయంగా ఉండేది.

క్లాసులోనూ అంతే. పేరు పిలిస్తే తల దించుకునేవాడు. పక్కన కూర్చుని నేనే, "ఉన్నాడండీ, గొంతు బాగాలేదండీ" అనేదాన్ని. షకీలా టీచర్ హైదరాబాదు మనిషి. ఒక్కసారి కూడా కసురుకోలేదు. "సరే బేటా, నువ్వు ఇను, గంతే చాలు" అనేవారు. ఒకరోజు నేను వెనక్కి జరిగి ఉల్లిపాయలు తరుగుతుంటే ఆవిడ కంటపడ్డాను. "ఏం అక్కా, కూర వాసన మా దాంక వస్తలేదు గానీ, మీరు జర ముందుకొచ్చి కూసోండ్రి. రోమన్ల పాఠం మీరు గూడ ఇనొచ్చు" అన్నారు. పిల్లలంతా నవ్వారు. నేను కత్తితో సహా ముందుకొచ్చి కూర్చున్నాను.

ఆ వేళ పాఠం కమాను గురించి. రోమన్లు పెద్ద పెద్ద వంతెనలు ఎలా నిలబెట్టారో చూపించడానికి ఆవిడ బంగాళదుంపను వాలు ముక్కలుగా కోశారు. మేమూ కోశాం. రెండు పక్కల నుంచి ముక్కలు పేర్చుకుంటూ వస్తుంటే మాది మధ్యకు రాకముందే కూలిపోయింది. రెండోసారీ కూలింది. జోయెల్ ముక్కల్ని దూరంగా తోసేశాడు.

"ఆగు ఆగు" అన్నారు టీచర్. "నడిమి రాయి కూసునేదాంక కమానుకు సొంత బలం ఉండదు. అందాంక కింద ఎవలన్న చెయ్యి పెట్టి పట్టాలె. అక్కా, మీ చెయ్యి పెట్టుండ్రి."

అరచెయ్యి పైకి పెట్టి కింద పట్టాను. జోయెల్ పేర్చాడు. నడిమి ముక్క దూర్చాడు. "ఇగ మెల్లగ తియ్యుండ్రి." నాకు చెయ్యి తీయబుద్ధి కాలేదు. భయంభయంగా తీశాను. కమాను నిలబడింది! జోయెల్ మాట్లాడలేదు గానీ, వంగి దాని కింది నుంచి నన్ను చూశాడు.

తర్వాత రోమన్ల వేషాల రోజు వచ్చింది. అందరూ తెల్ల దుప్పటి చుట్టుకుని రావాలి. బొమ్మ చూపించారు గానీ, నా చేతికి తెలిసిన కట్టు ఒక్కటే. మా నాన్న కొబ్బరి తోటలోకి వెళ్లేటప్పుడు కట్టే గోచీ పంచె. దుప్పటికి గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, కుచ్చిళ్లు పోసి, వెనక్కి గోచీ బిగించి, మిగిలింది భుజాన వేశాను. నా కంటికి అచ్చం రోమన్ రాజులాగే ఉన్నాడు. ట్యాబు ముందుకు వెళ్లగానే ఒక పిల్ల కిసుక్కుమంది. "పెళ్లి చేయించే పంతులుగారా?" అని ఇంకొకడు. అందరూ పగలబడి నవ్వారు. నా ప్రాణం ఉసూరుమంది. అసలే మాట లేని పిల్లాణ్ణి నలుగురిలో నిలబెట్టి నవ్వులపాలు చేశానే అనుకున్నాను. వాడి తరఫున ఏదో చెప్పబోయి నోరు తెరిచాను.

టీచర్ వేలు చూపించి నన్ను ఆపారు.

"నవ్వకండి!" అన్నాడు జోయెల్. గొంతు బొంగురుగా వచ్చింది. "నేను రాజును కాదు, సైనికుణ్ణి. మా సత్యాంటీ కట్టింది. ఇలా కడితే యుద్ధంలో పరుగెత్తొచ్చు."

టీచర్ ఆహా ఓహో అనలేదు. "అవునా బేటా? అయితే అందరం పరుగెత్తి చూద్దాం. యల్లా, పదుండ్రి!" అన్నారు. ఒక్కొక్కరి దుప్పటీ కాళ్లకు చుట్టుకుని జారిపోయింది. టీచర్ చుట్టుకున్నది కూడా కుర్చీకి చిక్కుకుంది. మా వాడు మాత్రం హాలంతా మూడు చుట్లు తిరిగొచ్చి రొప్పుతూ నిలబడ్డాడు. కట్టు చెక్కుచెదరలేదు.

ఆ సాయంత్రం సునీతమ్మ గారు ఫోను చేస్తే వాడే లాక్కున్నాడు. "అమ్మా, టీచర్ది ఊడిపోయింది, నాది ఊడలేదు!" అటువైపు ఆవిడ కళ్లు తుడుచుకుంటున్నారు. ఇటు నేను వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో హాయిగా ఏడ్చాను.

మర్నాడు టీచర్ నాకే ఫోను చేశారు. "అక్కా, రేపటి సంది పక్కన కూసోకుండ్రి."

"మళ్లీ మానేస్తాడేమోనండీ."

"మానేస్తే మళ్ల చెయ్యి పెడదాం. నడిమి రాయి కూసున్నంక గూడ చెయ్యి తియ్యకపోతే, అది నిలబడ్డదో లేదో మనకెట్ల తెలుస్తది?"

మర్నాడు వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. పేరు పిలిచారు. "ఎస్ మిస్" అన్నాడు వాడు. కొన్నాళ్లకు సునీతమ్మ గారూ ఆయనా క్షేమంగా ఇల్లు చేరారు. మరుసటి ఏడాది టీచర్ హైదరాబాదు వెళ్లిపోయారు.

మొన్న సెలవుల్లో అందరం ఖోర్ ఫక్కాన్ వెళ్లాం. అక్కడ కొండ వాలున, రోమన్ల పద్ధతిలో మెట్లు మెట్లుగా కట్టిన రంగస్థలం ఉంది. జోయెల్ గొంతు మారే వయసుకొచ్చాడు. నన్ను పై మెట్టు మీద కూర్చోబెట్టి గబగబా కిందికి దిగిపోయాడు. పడతాడేమోనని లేవబోయి, ఆగి కూర్చున్నాను. కింద చిన్నగా కనబడుతూ చేతులు నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు. "సత్యాంటీ! వినబడుతోందా?"

చూసుకుంటే నా కుడిచెయ్యి ఒళ్లో, ఆనాడు కమాను కింద పట్టినట్టే, అరచెయ్యి పైకి తిరిగి ఉంది. ఆ చెయ్యే ఎత్తి ఊపాను.