పైరు తినేదేమిటి?

మొన్న మా కోడలు కుండీల్లోని పూలమొక్కలకని ఒక పొట్లం కొనుక్కొచ్చింది, దాని మీద మొక్కల ఆహారం అని పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉంది. ఇది ఆహారం కాదమ్మా, ఎరువు అన్నాను ఉండబట్టలేక. ఆ అమ్మాయి నవ్వేసి లోపలికి వెళ్ళింది గానీ, నా మనసు మాత్రం అరవైల మొదట్లో చిట్టమూరు దగ్గర నేను సైన్సు మేష్టారుగా చేరిన హైస్కూలుకు పోయి కూర్చుంది.

జీవశాస్త్రం పేపర్లు దిద్దడమంటే ఆ రోజుల్లో నాకు భలే కాలక్షేపం. రొయ్యను చేపల్లో కలిపేసేవాళ్ళు, చెట్లు రాత్రిపూట మాత్రమే ఊపిరి పీలుస్తాయనేవాళ్ళు, మీలోనూ చాలామంది అలాగే రాసి ఉంటారు లెండి. మొక్కకు ఆహారం ఎక్కడిదంటే మాత్రం వరి పండించే ఇళ్ళ పిల్లలందరూ ఎరువు అనే రాసేవారు. ఆకు గురించీ ఎండ గురించీ నేనెంత గొంతు చించుకున్నా, తెల్లారితే పొలానికి పెంట మోసే పిల్లలకు ఆ మాట ఎక్కేది కాదు.

అలా రాసి అర్ధసంవత్సర పరీక్షలో సైన్సు తప్పిన ఒక రైతు కూతురు, పేపరు చేతిలో పెట్టగానే ఏడుపు మొదలుపెట్టింది. ఒక్క సబ్జెక్టు పోయినా బడి మాన్పించి కోతలకు పంపుతానని తండ్రి ముందే చెప్పాడట. మర్నాడు ఆయన కూతుర్ని వెంటబెట్టుకుని రానే వచ్చాడు, చదువుకునే పిల్ల చదువు ఆగిపోయిందే అనుకున్నాను. తీరా చూస్తే ఆయన కోపమంతా నా మీద.

"ఎరువెయ్యకపోతే పైరు ఎదగదు గదా అయివోరూ. నేను చెప్పిందే నా బిడ్డ రాసినాది. అది తప్పెట్లయింది?"

నాకప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు, ఆయనేమో పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ వరిచేలో ఉన్న మనిషి. కాస్త తడబడి, మీ గట్టు మీది వేపచెట్టు నీడన పైరు ఎలా ఉంటుందన్నా అని అడిగాను. అక్కడంతా తాలే, గింజ పట్టదు అన్నాడు. ఎరువేమైనా తగ్గించి వేశారా అన్నాను. లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆకు ఎండతో వంట చేసుకుంటుందనీ, ఎరువు ఆ వంటలో ఉప్పులాంటిదనీ నేను చెబుతూ ఉంటే, తలగుడ్డ విప్పి చేత్తో నలుపుతూ విన్నాడు.

"అయితే తప్పినాది నేనే అయివోరూ, బిడ్డ కాదు," అని కూతుర్ని తరగతిలోకి పొమ్మన్నాడు. ఆ పిల్ల ఎస్సెల్సీ గట్టెక్కేదాకా కోతల మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాత ఊళ్ళు మారాను, బళ్ళు మారాను. ఇంకో రెండు మార్కులు వెయ్యమని వచ్చిన తల్లిదండ్రులు ఎందరో. తప్పెట్లయిందని నిలదీసి, నిజం తెలిశాక ఆ తప్పును పిల్ల మీది నుంచి తీసి తన నెత్తిన వేసుకుపోయిన తండ్రిని మాత్రం మళ్ళీ చూడకుండానే రిటైరైపోయాను.