పిచ్చుక కొట్టిన బంతి

ఆ రోజుల్లో, అంటే కాకినాడ నుంచి వచ్చి చందానగర్‌లో ఒక స్కూల్లో ఆటల టీచరుగా చేరిన కొత్తల్లో, నాకు తెలిసిందంతా పిల్లల బుర్రల్లోకి ఒక్క పూటలో ఎక్కించెయ్యాలన్న ఆత్రం ఉండేది. (తెలిసింది ఎంత తక్కువో తెలియని వయసు.) నా చేతికి ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ జట్టును అప్పగించారు. అందులో అందరికంటే చిన్నది, మేమంతా పిచ్చుక అని పిలిచే ఏడో తరగతి పిల్ల. గల్లీలో వాళ్ళన్నతో క్రికెట్ ఆడిన అలవాటు కొద్దీ బ్యాటును నేలకు ఆనించి నిలబడేది. "భుజం మీదికెత్తు తల్లీ, అడ్డంగా ఊపు, నడుం తిప్పు, వెనక మడమ లేపు, బంతి మీంచి కన్ను తియ్యకు" అంటూ రోజూ దాని వెంటపడేదాన్ని.

ఇంతలో ప్రిన్సిపాల్ సారు పిలిచి, "ఏందమ్మా గిది, ఒక్క మ్యాచ్ గూడ గెలుస్తలేరు. శనివారం గూడ గిట్లనే అయితే ఇగ జట్టు బంద్. ఆ టైంల అబాకస్ లెక్కల క్లాస్ పెడ్త" అన్నారు. "అలాగేనండి" అన్నాను గానీ, ఆ వారమంతా అన్నం సయించలేదు.

శనివారం ఆట రాయదుర్గం దగ్గర. చుట్టూ ఉన్న అద్దాల ఆఫీసుల మీంచి ఎండ తిరిగొచ్చి కళ్ళల్లో కొడుతోంది. ఆఖరి వంతుకి మేం ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం. పిచ్చుక ఔటయితే ఆట అయిపోయినట్టే. మొదటి బంతి వచ్చేసరికి అది "భుజం... నడుం... మడమ..." అని గొణుక్కుంటోంది. బంతి వెళ్ళిపోయింది. రెండోది మడమ లేపేలోపే దాటిపోయింది. ఇంకొక్కటే మిగిలింది, అదీ తప్పితే ఔటే. అంపైర్ని కాస్త ఆగమని అడిగి దాని దగ్గరికి పరిగెత్తాను. తీరా వెళ్ళాక, ఒక్క సలహా కూడా గుర్తు రాలేదు.

"పొద్దున ఏం తిన్నావే?" అన్నాను.

"ఉప్మా మేడం."

"బాగుందా?"

"అస్సల్ బాగలేదు. మమ్మీకి చెప్పకుర్రి."

ఇద్దరికీ నవ్వొచ్చింది. వెనక్కొచ్చి కంచె పట్టుకున్నాను. మూడో బంతి వచ్చింది. ఠంగుమంది! అందరి తలల మీంచీ ఎగిరిపోయింది. పిచ్చుక మాత్రం కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, అదెక్కడ పడుతుందా అని చూస్తూ అక్కడే నిలబడిపోయింది.

"పరిగెత్తవే!" అని అరిచాను.

"నేనా మేడం?"

అది కదిలి మొదటి బేస్ చేరేలోపే బంతి అక్కడికి చేరింది. ఔట్! ఓడిపోయాం. నేను కూలబడ్డాను. అది మాత్రం ఎగురుకుంటూ వచ్చి, "చూసిన్రా మేడం, ఎంత దూరం వోయిందో!" అంది.

ఆట చూడ్డానికొచ్చిన ప్రిన్సిపాల్ సారు, ఎక్కి నిలబడ్డ కుర్చీ మీంచి దిగుతున్నారు. (ఎప్పుడెక్కారో నేను చూడలేదు.) "అబాకస్ ఎప్పటినుంచండీ?" అన్నాను నీరసంగా.

"ఉరుకు బిడ్డా" అని అరిచి అరిచి ఆయన గొంతు పోయింది. "అబాకస్ ఎందుకమ్మా! జర పిల్లలకు ఉరుకుడు గూడ నేర్పు" అన్నారు గుసగుసగా.

ఇప్పటికీ పిల్లలకు బ్యాటు ఊపడం నేర్పుతూనే ఉన్నాను. నోటిదాకా వచ్చిన మాటల్లో సగం మింగేస్తుంటాను. మెడలో ఈల వేసుకుని, ఆడే పిల్లకంటే ఎక్కువగా వణికిపోయిన ఆ కొత్త టీచరమ్మ గుర్తొస్తే మాత్రం జాలీ నవ్వూ కలిసి వస్తాయి. ఎవరైనా ఆ పిచ్చిదాన్ని కాసేపు నీడలో కూర్చోబెట్టి, గ్లాసుడు మజ్జిగ ఇచ్చి ఉంటే బాగుండేది.