కంబదూరు తెరలో పట్టిన పేజీ

మా కంప్యూటర్ మేడమ్ పోయారని మొన్న మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. కల్యాణదుర్గంలో ఆమె నడిపిన సెంటర్‌లో నేను మొదట విద్యార్థిని, తర్వాత అక్కడే టీచర్ని. ఫోన్ పెట్టేశాక ఏడుపు రాలేదు. చేతిలో ఉన్న వెబ్ పేజీని ఆమెకు నచ్చేలా పూర్తి చేయాలనిపించింది. పూర్తి చేశాకే ఆమెను చివరిసారి చూడ్డానికి బయల్దేరాను.

ఆమె ఎవరి పేజీనీ బాగుందని మెచ్చుకునేవారు కాదు. ఎంత ముచ్చటగా చేసి చూపించినా, "యాడ చూసినావు?" అనేవారు. అంటే ఏ మానిటర్ మీద చూశావని. సెంటర్‌లో ఉన్న కొత్త పెద్ద మానిటర్ మీద అంటే, తలుపు పక్కనున్న పాత పద్నాలుగు అంగుళాల దాని వైపు చెయ్యి చూపేవారు. అక్కడ చూశాక ఇద్దరం మాట్లాడుకునేవాళ్లం.

ఒక్కసారి నేను అక్కడ చూడలేదు.

రెండువేల దశకం మొదటి రోజులు. ఓ రైతు సంఘం తమ విత్తన వేరుశనగ పంపిణీకి వెబ్‌సైట్ అడిగింది. ఏ ఊరికి ఏ రకం, ఏ గోదాము, ఏ రోజు అన్నీ వరుసగా పట్టికలో పెట్టాను. రోజు చివరి గడిలో ఉంది. మేడమ్ ఆ వారం ఊళ్లో లేరు. తొందరపడి పేజీ నెట్‌లోకి ఎక్కించేశాను.

ఆమె తిరిగొచ్చిన రోజే పక్కనున్న కంబదూరులోని ఇంటర్‌నెట్ సెంటర్ నుంచి ఫోన్. ఇద్దరం బస్సెక్కాం. అక్కడి చిన్న మానిటర్ మీద నా పట్టికలో చివరి గడి తెర బయటికి పోయింది. సెంటరతను దాన్నే ప్రింటు తీసి గోడకు అంటించాడు. కాగితంలోనూ ఆ గడి లేదు. గోడ ముందు ఓ పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"మూడు దినాలుగా తిరుగుతాండా తల్లీ. మా ఊరి పేరుండాది. ఎప్పుడిస్తారో మాత్రం ల్యా. నేల పదును ఆరిపోతాండాది."

నేను సెంటరతనితో, "తెర కింద బారును మౌస్‌తో పక్కకు జరిపితే కనపడ్తాది కదన్నా" అన్నాను.

"కాగితాన్ని యాడికి జరపల్లమ్మా?" అన్నాడతను.

మేడమ్ ఆ పెద్దాయనకు రోజు వెతికి చెప్పారు. పంపిణీ మర్నాడే. తిరుగు బస్సులో నన్ను ఒక్క మాటా తిట్టలేదు. ఊరు దగ్గరపడుతుండగా మాత్రం, "ఆయప్ప నీ పేజీ కోసరం అంత దూరం నడిచొచ్చినాడు. ఇంగ నీ పేజీ ఆయప్ప కాడికి పోవల్ల" అన్నారు.

మూడు రోజులు కూర్చుని మొత్తం తిరగరాశాం. పట్టిక వెడల్పు ఇన్ని పిక్సెళ్లు అని కాకుండా తెరలో ఇంత వంతు అని రాయడం అప్పుడే నాకు ఒంటబట్టింది. తెర చిన్నదైతే పట్టికా సర్దుకుంటుంది. పంపిణీ రోజును ఊరి పేరు పక్కకు తెచ్చాం. పైనున్న పెద్ద బొమ్మ తీసేశాం.

సంఘం కార్యదర్శికి కోపం వచ్చింది. "ఏం మేడమ్, కళే పోయింది! మా ఆఫీసులో పాతదే బాగుండాది. బెంగుళూరోళ్లతో చేయించుకుంటాంలే."

"చేయించుకోండి సార్. ఒక్కసారి నాతో కంబదూరుకు రాండి. ఆమీట మీ ఇష్టం."

అన్నట్టే తీసుకెళ్లారు. ఆ చిన్న మానిటర్ ముందు కూర్చోబెట్టి, పాత పేజీ తెరిచి, "మీ ఊరికి ఏ దినమో చెప్పండి సార్" అన్నారు. ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు, తీశాడు, మౌస్ అటూ ఇటూ తిప్పాడు. వెనక రైతులు గుమిగూడారు. "మీకే కనపడకపోతే మాకేం కనపడ్తాదప్పా?" అన్నారెవరో. ఆయన లేచి నిలబడి, "కొత్తదే పెట్టండి" అన్నాడు. ఆ మధ్యాహ్నం ప్రింటర్‌లోంచి వచ్చిన కాగితంలో ఊరి పక్కనే రోజు ఉందని చూసుకుని, దాన్ని నేనే గోడకు అంటించాను.

తర్వాత కొన్నేళ్లకు ఫోన్లలోకి ఇంటర్‌నెట్ వచ్చింది. అప్పటికే ఆమెకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు అనంతపురం వెళ్లి డయాలసిస్ చేయించుకునేవారు. "ఈ బుడ్డ ఫోన్లకు ఎవరు చేస్తారమ్మా, మనమే చేయల్ల" అని, నాచేత మళ్లీ మొదలుపెట్టించారు. ఆ ఫోన్లలో తెలుగు పడేది కాదు. ఊళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పట్టిక విడదీసి, ఒకదాని కింద ఒకటి పేర్చాను.

అది చూపిద్దామని పోయిన నెల ఆస్పత్రికి వెళ్లాను. అప్పటికే ఆమె పని మొదలుపెట్టేశారు. ఎడమ చేయి కదపకూడదు, గొట్టాలున్నాయి. కుడి చేత్తోనే వార్డులో వాళ్లందరి ఫోన్లూ అడిగి తీసుకున్నారు. నర్సుది, పక్క మంచం ముసలామె మనవరాలిది, క్యాంటీన్ అబ్బాయిది, ఇంకా ఎవరెవరివో. తెల్ల దుప్పటి మీద ఏడు ఫోన్లు వరసగా పరిచి ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో సైజు. అన్నింట్లోనూ మా పేజీ తెరిచి ఉంది. ఒకదాని తెర ఆరిపోబోతుంటే ఆమె వేలితో తాకి వెలిగించారు. ఇంకోటి ఆరిపోబోయింది. దాన్నీ వెలిగించారు.