మామ్మ బడికొచ్చిన రోజు

నేను పనిచేసే బడి నౌపడ దాటాక, సముద్రం ఒడ్డున మత్స్యకారుల ఊళ్లో ఉంది. టీచర్లం ఇద్దరమే. నేను బదిలీ మీద వెళ్లిన ఏడాదే రెండో తరగతిలో ఒక పిల్ల చేరింది. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. ఏమడిగినా తల వంచుకుని కాలి బొటనవేలితో నేలమీద రాసేది. బతిమాలాను, కథలు చెప్పాను. నెలలు గడిచినా ఆ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియలేదు. ఈ పని నాకు చేతకాదేమోనని దిగులు పట్టుకుంది.

ఒకరోజు ఆ పిల్ల మామ్మ, చేపలమ్ముకుని వస్తూ, ఖాళీ గంప వరండాలో దింపి లోపలికొచ్చింది.

"ఏటమ్మా, మా గుంటని కొడతన్నావా ఏటి?"

"అయ్యో, లేదమ్మా. ఎందుకలా అడిగారు?"

"ఇంటికాడ దాని నోరు మూయించలేక సస్తన్నాను. బడికాడ మూగిదంట! పిల్లలు సెప్తన్నారు."

ఇంటి దగ్గర మాట్లాడుతుందంటే నాకు ప్రాణం లేచొచ్చింది. కాసేపు కూర్చోమన్నాను. గుమ్మం పక్కన నేలమీద చతికిలబడింది.

గోడకు చేపల బొమ్మల చార్టు తగిలించి, ఒకదాని మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగాను. పెద్దావిడ కూర్చుందని బిడియపడి పిల్లలెవరూ పలకలేదు. మామ్మే అందుకుంది. "వంజరం కదేటి!"

వెనక వరుసలోంచి ఆ పిల్ల దిగ్గున లేచింది. "ఏటే మామ్మా, కళ్లు కనపడ్డం లేదా? అది కానాగంత! వంజరం ఇంత పొడుగుంటాది!" అంటూ రెండు చేతులూ చాపింది.

క్లాసంతా గొల్లుమంది. ఒకడు ఇంకా పొడుగుంటాదన్నాడు. ఆ పిల్ల వాడితోనూ వాదనకు దిగింది. గొంతు కాస్త బొంగురు. నేను సుద్దముక్క పట్టుకుని వింటూ నిలబడిపోయాను.

వెళ్లేటప్పుడు మామ్మతో, మీరు పొరబడడం మంచిదైందన్నాను.

"పొరబడ్డమేటి? పుట్టి బుద్దెరిగిన కాడి నించీ సేపలే అమ్ముతన్నాను. తప్పు సెప్తే అది ఊరుకోదు. దాని సంగతి నాకెరికే" అని నవ్వి గంప ఎత్తుకుంది.

మర్నాటి నుంచి నేనూ అదే దారి పట్టాను. సూర్యుడు పడమట పుడతాడన్నాను. ఆవుకు రెండే కాళ్లన్నాను. "కాదు టీచరు!" అంటూ ఆ పిల్లే ముందు లేచేది. పిల్లల మాటను వాళ్లు పలికినట్టే బోర్డు మీద రాసి, పక్కన పుస్తకంలో మాట రాసేదాన్ని. రెండూ గట్టిగా చదివేవారు.

ఇప్పుడు ఆ పిల్ల అయిదో తరగతి. ఉదయం ప్రార్థనలో పేపరు పట్టుకుని వార్తలు చదువుతుంది. మొన్న మధ్యలో ఆపి అడిగింది, "టీచరు, ఇందల మనూరు ఎప్పుడొస్తాది?"

ఎవరైనా రాస్తే వస్తుందన్నాను.

మిగతావి చదివేసింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర నా పక్కన చేరి, గాలివానకు తమ వీధిలో రేకులెలా లేచిపోయాయో చెప్పడం మొదలుపెట్టింది. కంచంలో అన్నం చల్లారిపోతున్నా ఆపలేదు. నేనూ ఆపమనలేదు.