చిటికెన వేలు నాలుగుసార్లు

ఆ రోజుల్లో ఒంటరితనానికి నేను పెట్టుకున్న పేరు పరిశోధన. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ ముందు ఉద్యోగం. సాయంత్రం ఆరయితే మేడ మీద గది, ఆ గదిలో నేను. మాట్లాడదామంటే మనిషి లేడు. మొదటి జీతంతో కీబోర్డు కొని, ఫోన్‌లో వీడియోలు చూసి పియానో పాఠాలు మొదలుపెట్టాను. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకునే వాయించేవాణ్ణి, నా వాయింపు గురించి నాకు తెలుసు కనుక.

సరిగ్గా వాయించడం రానివాడు పండితుడవుతాడు. నేనూ అయ్యాను. రెండు వందల ఏళ్ల కిందటి ఒక ఐరోపా స్వరకర్త పియానో రచన ఒకటి నన్ను పట్టుకుంది. అది తొలిసారి ప్యారిస్‌లోనూ, జర్మనీలోని లైప్జిగ్‌లోనూ ఇంచుమించు ఒకేసారి అచ్చయింది. ఆ పాత పుస్తకాల పేజీల ఫొటోలు ఇంటర్నెట్‌లో ఉచితం. రెండూ కాగితం మీద తీయించుకుని (జిరాక్సు షాపాయన ఇది ఏ పరీక్షకండీ అని అడిగాడు, గ్రూప్ టూ అన్నాను) మంచం మీద పరిచి, ఎర్ర పెన్నుతో ప్యారిస్ వాళ్లనీ, పచ్చ పెన్నుతో లైప్జిగ్ వాళ్లనీ దిద్దుతూ కూర్చున్నాను. ఎనిమిది నెలల్లో నూట పద్నాలుగు తేడాలు పట్టాను. పెళ్లి సంబంధాల వాళ్లు కూడా అంత నిశితంగా చూడరు.

వాటిలో మకుటం లాంటిది ఒకటుంది. పియానో పుస్తకాల్లో స్వరాల మీద ఏ వేలు వాడాలో అంకె వేస్తారు. బొటనవేలు ఒకటి, చిటికెన వేలు అయిదు. ఒకచోట వరసగా నాలుగు స్వరాలకు లైప్జిగ్ ముద్రణలో రెండు, మూడు, నాలుగు, అయిదు అని బుద్ధిగా ఉంది. ప్యారిస్‌లో మాత్రం అయిదు, అయిదు, అయిదు, అయిదు. పక్కన మూడు వేళ్లు ఖాళీగా ఉండగా చిటికెన వేలితోనే నాలుగూ ఎవరు కొడతారు? ప్యారిస్‌లో అచ్చుపలక చెక్కినవాడు కునికాడని తేల్చేశాను. పదకొండు పేజీల వ్యాసం రాసి విదేశంలో ఉన్న ఒక ప్రొఫెసర్ గారికి పంపాను. మెచ్చుకుంటాడని కాదు. నేను ఏం చేస్తున్నానో అర్థమయ్యే మనిషి ఒక్కడు తిరిగి ఒక మాట రాస్తే చాలనిపించింది. ఆ ఆశతో రోజుకు ఇరవైసార్లు ఫోన్ చూసుకునేవాణ్ణి.

ఆయన రాయలేదు గానీ, ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటాయన మెట్లెక్కి వచ్చారు. కింద వాటాలో ఒక్కరే ఉండే పెద్ద సాయిబు గారు ఆయన. నలభై ఏళ్లు యార్డులో మిర్చి దలాలీ చేసి, వేలం కంప్యూటర్లోకి మారాక ఇంటిపట్టున కూర్చున్నారు. పై నుంచి రోజూ టకటకమని చప్పుడు, పాట మాత్రం లేదు, నేను బాదంకాయలు కొడుతున్నానని అనుకున్నారట. కాగితాలు చూసి ఇవేంటని అడిగారు. పాపం, అడగకుండా ఉండాల్సింది. ఎనిమిది నెలల మాటలు గంటన్నరలో ఆయన మీద కుమ్మరించాను. ఆయన లేచి వెళ్లలేదు. అంతా విని, అయిదంటే చిటికెన వేలే గదా అని ఖాయం చేసుకుని, భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీద కప్పారు.

వెనకటి రోజుల్లో యార్డులో ధర పైకి చెప్పేవాళ్లు కాదట. తువ్వాలు కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకునే బేరం చేసుకునేవాళ్లట, చుట్టూ ఉన్నవాళ్లకు తెలియకుండా. ఆయన నా వేళ్లు ఒక్కొక్కటీ పట్టి చూపించారు. చెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది. ఒక మనిషి నా చెయ్యి పట్టుకుని ఎన్నాళ్లయిందో అప్పుడు గుర్తొచ్చింది, ఏడుపొచ్చింది. (మిర్చి ఘాటండీ అన్నాను. గుంటూరులో ఉన్నవాళ్లకు ఆ సౌకర్యం ఉంది.)

"ఇది పొరపాటు కాదు బాబూ," అన్నారు. "బేరం ఖాయం చెయ్యాలంటే వేళ్లన్నీ కలిపి గట్టిగా పట్టుకుంటాం. చిటికెన వేలికి బలమేముంది? దాంతోనే నాలుగుసార్లు చెప్పాడంటే, గట్టిగా అనలేని మాటేదో అయ్యుంటది."

సంగీతం వేరు, మిర్చి వేరు అని నేను వాదించాను. అయితే వాయించి చూపించమన్నారు. ఆ గదిలో మొదటిసారి హెడ్‌ఫోన్లు పీకేశాను. లైప్జిగ్ వేళ్లతో వాయిస్తే ఆ నాలుగు స్వరాలూ జారుడుబల్ల మీద దిగినట్టు దిగిపోయాయి. చిటికెన వేలితో వాయిస్తే ఒక్కొక్కటీ ఆగి, సందేహించి, చిన్నగా పలికింది. చెప్పాలా వద్దా అని తటపటాయించే మనిషి గొంతు అది. నా పదకొండు పేజీలూ కూలిపోయాయి. ప్రొఫెసర్ గారికి క్షమాపణ రాశాను, అది పద్నాలుగు పేజీలొచ్చింది. దానికీ జవాబు లేదు.

అప్పటి నుంచి సాయిబు గారు రోజూ సాయంత్రం వచ్చి, ఇవాళ ఏ ఊరి వేళ్లు అని అడిగి కూర్చునేవారు. మిగతా నూట పదమూడు తేడాల మీదా ఇద్దరం తీర్పులు చెప్పాం. ఆయన ఎప్పుడూ ప్యారిస్ పక్షమే. నేను ఫోన్ చూసుకోవడం మానేశాను.

ఏడాది తిరక్కుండానే పర్చూరు గోదాముకు బదిలీ అయింది. ఆటో ఎక్కబోతుంటే ఆయన వచ్చి, నా చేతి మీద తువ్వాలు కప్పి, చిటికెన వేలు పట్టుకుని నొక్కారు. వదిలి మళ్లీ నొక్కారు. ఆటో అతను తొందరపెడుతున్నాడు.

"ఏమన్నా మర్చిపోయానాండీ?" అన్నాను.

"ఏం లేదులే, బస్సు పోద్ది, బయలుదేరు."

చెయ్యి లాక్కుని కీబోర్డు సర్దుకున్నాను. నూట పద్నాలుగు తేడాలు పట్టిన పండితుణ్ణి మరి.

బస్సు ప్రత్తిపాడు దాటాక గానీ ఆయన ఎన్నిసార్లు నొక్కారో లెక్కకు రాలేదు. ఉన్నపళంగా సీట్లోంచి లేచాను. ఇక్కడ దిగుతారా అన్నాడు కండక్టరు. లేదండీ అని కూర్చున్నాను. ఫోన్ జేబులోనే ఉంది, చేయొచ్చని తట్టలేదు. తట్టినా, అప్పటి నేననే ఆ కుర్రాడికి ఏమనాలో తెలిసేది కాదులెండి. ఇప్పుడు తలుచుకుంటే వాడి మీద జాలీ వేస్తుంది, నవ్వూ వస్తుంది. ఒళ్లో ఉన్న కీబోర్డు మీద, కరెంటు లేదు, చప్పుడు లేదు, చిటికెన వేలితో నాలుగుసార్లు జవాబు చెప్పాడు. పక్క సీటాయన వాడి వంక ఒకసారి చూసి, కిటికీ వైపు కొంచెం జరిగి కూర్చున్నాడు.